నాన్న ఈల, సోమారు మామ జెండా

మొన్న బచేలి నుంచి వచ్చిన మా తమ్ముడు సంచీ విప్పగానే బోడా వాసన ఇల్లంతా కమ్మేసింది. తొలకరికి సాల్ చెట్ల కింద నేల తవ్వి తీసే ఆ చిన్న పుట్టగొడుగుల్ని పట్టుకున్న ఎర్రమట్టి ఎన్ని నీళ్ళు పోసి కడిగినా వదలదు. కడుగుతూ కూర్చుంటే నా పదకొండో ఏటి ఆదివారాలు గుర్తొచ్చాయి.

మా నాన్నది బచేలి ఇనుపరాయి గనిలో పని. బొబ్బిలి వైపు నుంచి వెళ్ళి ఆ కంపెనీ క్వార్టర్లలో స్థిరపడ్డవాళ్ళం. వానలు మొదలయ్యాయంటే ఇనుపరాయి ధూళి ముద్దయి మైదానమంతా కుంకుమ కలిపినట్టయ్యేది, అమ్మలు బట్టలు ఉతకలేక తిట్టిపోసేవారు, మేం మాత్రం వేడివేడి బజ్జీలు నోట్లో కుక్కుకుని, ఆడా మగా తేడా లేకుండా ఫుట్‌బాల్‌కి పరిగెత్తేవాళ్ళం. రిఫరీ నాన్నే. మైదానం ఒక పక్క గీత మీద డ్రిల్లు మాస్టారు, రెండో గీత మీద స్కూలు బస్సు నడిపే సోమారు మామ. ఆటకి ముందు ముగ్గురూ మైదానాన్ని పంచుకునేవారు. బంతి దగ్గర జరిగే తప్పు నాన్న చూడాలి, నాన్న వీపు వెనక జరిగేది గీత మీదివాళ్ళు చూడాలి. వాళ్ళ జెండాలు గనిలో పేలుడుకి ముందు ఎత్తే ఎర్రగుడ్డలు. అక్కడ ఆ గుడ్డ లేస్తే ఎంత పెద్ద ఆఫీసరైనా జీపు ఆపాల్సిందే కాబట్టి మైదానంలోనూ దానికి ఎవరూ ఎదురు చెప్పేవారు కాదు.

ఆ ఆదివారం పైలైను క్వార్టర్ల పిల్లలతో పోటీ. చెరో గోలు కొట్టి, ఇంకో ఐదు నిమిషాల్లో ముగుస్తుందనగా, మా గోల్లోకి దూసుకొస్తున్న బంతిని నేను మోచేత్తో పక్కకి నెట్టేశాను. నాన్న అప్పుడే బురదలో జారి లేస్తున్నాడు, చూడలేదు. అవతలి పిల్లలు గోలపెట్టారు. నాన్న నా దగ్గరికొచ్చాడు.

"ఏటే, సెయ్యి తగిలిందా?"

"లేదు నాన్నా, గుండెకి తగిలింది."

అప్పటిదాకా నాన్నకి నేనెప్పుడూ అబద్ధం చెప్పలేదు. నా మాట నమ్మి ఆట సాగనిస్తే, కూతురి కోసం కళ్ళు మూసుకున్నాడని కాలనీ అంతా అంటుంది. ఆ మాట ఆయన జన్మలో పడలేడు. నిజం చెప్పేస్తే మా జట్టు ఓడిపోతుంది.

అప్పుడు నాన్న గీత వైపు తల తిప్పాడు. సోమారు మామ జెండా గాల్లోనే ఉంది. ఎప్పుడెత్తాడో ఏమో, ఇంత గోలలోనూ దించలేదు. నాన్న వెళ్ళి అడిగితే, "హాథ్ తగిలింది భయ్యా, నేను చూసిన" అన్నాడు. నాన్న మరో మాట లేకుండా ఈల ఊదేశాడు. పెనాల్టీ, గోలు, మా ఓటమి. మా జట్టువాళ్ళు నన్ను నానా మాటలూ అంటున్నారు. నాకేమో ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ఇంటికి నడుస్తూ నాన్నతో ఒప్పేసుకున్నాను.

"తెలుసులే. నానొక్కడినే అయితే నీ మాటే నమ్మేద్దును. అందుకేనే ముగ్గురుం" అన్నాడు.

ఆ మైదానంలో ఇప్పుడు బస్సులు నిలుపుతున్నారు. సోమారు మామ లేడు. టీవీలో చూస్తుంటాను, అనుమానం వస్తే రిఫరీ తెర దగ్గరికి పరిగెత్తి జరిగింది మళ్ళీ చూసుకుంటున్నాడు. ఆడేవాళ్ళ దగ్గరికొచ్చి అడిగే రోజులు పోయాయి. పోనీలే అనిపిస్తుంది. ఏ తండ్రీ కూతుర్ని అలా అడగక్కర్లేదు.