కార్నర్‌లో ఒక బేరం మాట

బాక్సింగ్ కోచ్‌గా నా చివరి పోస్టింగు మదనపల్లె. రిటైరు కావడానికి రెండేళ్ళ ముందు, మే నెల చివరి వారంలో, రాష్ట్ర శిక్షణ శిబిరానికి యూత్ విభాగం అమ్మాయిలను ఎంపిక చేసే పోటీలు కుప్పంలో జరిగాయి. మా జట్టును వెంటబెట్టుకుని వెళ్ళమని నాకు ఉత్తర్వు వచ్చింది. అక్కడ నా హోదా చీఫ్ సెకండ్. రింగు మూలను కార్నర్ అంటారు. రౌండుకూ రౌండుకూ మధ్య ఆ మూలలో బాక్సరును చూసుకునే మనిషి సెకండ్. ఇద్దరికి అనుమతి ఉంటుంది. తాళ్ళు దాటి లోపలికి వెళ్ళేది మాత్రం ఒక్కడే. నోరు విప్పే హక్కు కూడా ఆచారం ప్రకారం అతనిదే. రెండోవాడు బకెట్టు, నీళ్ళ సీసా, తువాలు చూసుకోవాలి. నాకు రెండో సెకండ్‌గా వచ్చినవాడు ఇస్మాయిల్. పుంగనూరు శిక్షణ కేంద్రంలో నా కింద అసిస్టెంట్ కోచ్.

ఇక్కడ నా గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే తరువాత జరిగింది అర్థం కాదు. నేను పుట్టి పెరిగింది మదనపల్లె బజారువీధిలో. మా నాయనది స్టీలు సామాన్ల అంగడి. అటుపక్క గుడ్డల అంగడి, ఇటుపక్క గాజుల అంగడి, ఎదురుగా కిరాణా. మా వీధిలో ఎవరైనా బేరం చేయకుండా ఏదైనా కొంటే ఒంట్లో బాగాలేదేమోనని అడిగేవాళ్ళు. ఆ గాలి ఉద్యోగంలోకీ నాతోనే వచ్చింది. చేతులకు చుట్టే బ్యాండేజీ గుడ్డ దగ్గర్నుంచి జట్టు ఎక్కే వ్యాను దాకా అన్నిటికీ బేరమాడాను. పోటీ రోజు పొద్దున బాక్సర్ల బరువు తూస్తారు. ఒకసారి మావాడు కొంచెం ఎక్కువ తూగితే, తూకం అధికారితోనే బేరానికి దిగాను. ఆయన యంత్రం వైపు చెయ్యి చూపించి, దాంతో మాట్లాడుకోమన్నాడు.

ఇక నాగవేణి. సదుం దగ్గర ఒక పల్లె పిల్ల. తండ్రి రెడ్డెప్ప టమోటా రైతు. పిల్ల బస్సెక్కి పుంగనూరు కేంద్రానికి వచ్చి నేర్చుకునేది. పెద్దగా మాట్లాడదు, చెప్పింది చెప్పినట్టు చేస్తుంది. కోచ్‌లకు అలాంటి బాక్సర్లంటే ఇష్టం. అది ఎంత ప్రమాదమో నాకు అప్పటికి తెలియదు. ఆ ఏడాదితో ఆమెకు యూత్ విభాగం వయసు దాటిపోతుంది. శిబిరానికి ఒక్కో బరువు విభాగం నుంచి ఒక్కరినే, అంటే ఫైనల్ గెలిచిన అమ్మాయినే తీసుకుంటారు. ఎంపికైతే హాస్టలు, భోజనం, ఏడాది పొడవునా మంచి శిక్షణ. ఎంపిక కాకపోతే పెద్దల విభాగంలో, ఉద్యోగాలు చేస్తూ ఆడే ఆరితేరిన వాళ్ళతో సొంత ఖర్చులమీద తలపడాలి. కుప్పం బయలుదేరే ముందు రెడ్డెప్ప నాతో దాపరికం లేకుండానే మాట్లాడాడు.

"శిబిరం వస్తే పంపిస్తా సార్. రాకుంటే ఇంట్లోనే ఉండనీ. కాయలు కోసేదానికి మనిషి దొరకడం లేదు."

"వస్తాది లేప్పా" అన్నాను. అంగడి వాళ్ళం, సరుకు మన్నుతుందా అని అడిగితే మన్నుతుందనే చెబుతాం.

నాగవేణి ఫైనల్ దాకా వచ్చింది. ఎదుటి అమ్మాయి పేరు మంజుల, కుప్పం వాసి. పోటీలు ఒక కల్యాణ మండపంలో పెట్టారు. పెళ్ళి వేదిక ముందు రింగు కట్టి, వేదికమీద అతిథులకు కుర్చీలు వేశారు. ఊరి జనమంతా మంజుల కోసమే వచ్చినట్టున్నారు. కుప్పం మూడు రాష్ట్రాలు కలిసే చోటు కాబట్టి, కొట్టమనే కేక తెలుగులో, తమిళంలో, కన్నడంలో వినపడుతోంది. రెడ్డెప్ప వెనక వరసలో, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

మొదటి రౌండు మాదే. మంజుల పొడగరి, చేతులు పొడవు, బలం ఎక్కువ. కానీ ఓపిక తక్కువ. దూకి వచ్చి కుడి చెయ్యి విసిరేది. అది తప్పితే ఒళ్ళు ముందుకు తూలి, ఆ చెయ్యి కింద పక్కటెముకల దగ్గర ఖాళీ ఏర్పడేది. నాగవేణి రెండు మూడుసార్లు పక్కకు జరిగి ఆ ఖాళీలో కొట్టింది. ఆమె అది గమనించి కొట్టిందో, తోచి కొట్టిందో నాకు తెలియదు. రౌండు గంట మోగేసరికి మేము వెంట్రుకవాసి ముందున్నామని అంచనా వేసుకున్నాను.

రౌండ్ల మధ్య విరామం ఒక్క నిమిషం. బయటివాళ్ళకు అది చాలా పొడుగు సమయంలా కనిపిస్తుంది. స్టూలు వేయాలి, పంటి గార్డు తీయాలి, నోరు పుక్కిలించడానికి నీళ్ళివ్వాలి, మెడ వెనక మంచుగడ్డ పెట్టాలి. బాక్సరుకు ఊపిరి కుదిరేదాకా ఏం చెప్పినా చెవికెక్కదు. నిమిషం ముగియడానికి కాస్త ముందే విజిల్ వేసి, సెకండ్లు బయటికి పొమ్మంటారు. మాటకు మిగిలే వ్యవధి, బస్సులో కండక్టరుకు ఊరిపేరు చెప్పి టికెట్టు తీసుకునేంత. అందుకే కార్నర్‌లో ఒక్కటే మాట చెప్పాలనేది మా వృత్తిలో మొదటి నియమం. కొత్త కోచ్‌లు అయిదు మాటలు చెబుతారు. బాక్సరు ఆరోది ఏదో చేస్తుంది.

నేను నియమం ప్రకారం ఒక్కటే చెప్పాను.

"అమ్మా, ముందు నువ్వు ధర చెప్పాకు. ఆమెను చెప్పనీ. ఆమె చెప్పిందాకా గమ్మునుండు."

ఎదుటివాళ్ళ దెబ్బ రానిచ్చి, తప్పించుకుని, వెంటనే తిరిగి కొట్టడాన్ని కౌంటర్ అంటారు. మంజుల తీరుకు అదే సరైన మందు. మా అంగడిలో నాయన నేర్పిన మొదటి పాఠమూ అదే. ముందు ధర చెప్పినవాడు ఓడిపోతాడు. కొనేవాడి నోట ఒక మాట రానిస్తే, అక్కడినుంచి ఆట మనది. కౌంటర్ అనే విద్యను ఇంత చిన్న మాటలో ఇమిడ్చినందుకు నాకే ముచ్చటేసింది. మెచ్చుకుంటాడేమోనని ఇస్మాయిల్ వైపు కూడా చూశాను. అతను బకెట్టు సర్దుకుంటున్నాడు. నాగవేణి తల ఊపి లేచింది.

రెండో రౌండులో ఆమె నిలబడింది. నేను రాస్తున్నది అక్షరాలా జరిగినదే. గ్లవ్స్ మొహానికి అడ్డంగా పెట్టుకుని, రింగు మధ్యలో నిలబడింది. మంజుల వచ్చింది, కొట్టింది, వెనక్కు పోయింది, మళ్ళీ వచ్చి కొట్టింది. కుడి చెయ్యి తప్పింది, పక్కటెముకల దగ్గర ఖాళీ వచ్చింది, పోయింది. నాగవేణి చెయ్యి కదల్లేదు. భయపడితే నాకు తెలుస్తుంది. భయపడిన బాక్సరు వెనక్కు నడుస్తుంది, కళ్ళు మూస్తుంది. ఈమె ఓపికగా, మర్యాదగా, దేనికోసమో ఎదురుచూస్తూ నిలబడింది. రౌండు నడుస్తుండగా సెకండ్లు కుర్చీలోంచి లేవకూడదు, అరవకూడదు. ఇస్మాయిల్ సగం లేచాడు. రెఫరీ చూసిన చూపుకు మళ్ళీ కూర్చున్నాడు. చివర్లో రెండు దెబ్బలు నేరుగా మొహానికి తగిలాయి. రెఫరీ ఆట ఆపి ఎనిమిది దాకా లెక్కపెట్టాడు. బాక్సరు తేరుకుందో లేదో చూడడానికి అలా చేస్తారు. ఆమె కళ్ళు తేటగానే ఉన్నాయి. ఎనిమిదికి ముందే చేతులెత్తి సిద్ధమని చూపించింది. తరువాత మళ్ళీ నిలబడింది.

గంట మోగింది. ఊపిరి కుదిరేదాకా ఆగాలనే నియమం నేనే తప్పాను.

"యాల కొట్టలేదు?"

"మీరే కదా సార్ చెప్పింది, ఆమె ధర చెప్పిందాకా గమ్మునుండమని."

"చెప్పినాక కొట్టల్ల కదమ్మా."

"చెప్పినాక మనం చేసేదేముంది సార్? వాళ్ళు పాడతాండారు కదా. పాట అయిపొయ్యేదాకా నోరు తెరవకూడదు. మా నాయన అట్లనే ఉంటాడు."

మదనపల్లె టమోటా మండీ చూడనివాళ్ళకు ఇది చెప్పాలి. అక్కడ రైతు కాయలు దించి, తన క్రేట్ల పక్కన నిలబడతాడు. వేలం పాడించేవాడు, కొనేవాళ్ళు వరస వెంబడి వస్తారు. ధర అనేది వాళ్ళ నోళ్ళలో పుట్టి వాళ్ళ నోళ్ళలోనే ముగుస్తుంది. మధ్యలో రైతు నోరు తెరిస్తే, కొనేవాడు ముఖం తిప్పుకుని పక్క కుప్పకు పోతాడని భయం. ఈ పిల్ల చిన్నప్పటినుంచి తండ్రితో మండీకి వస్తూ, ధర అనే మాటను ఆ క్రేట్ల పక్కన నిలబడి నేర్చుకుంది. నేను గల్లాపెట్టె వెనక కూర్చుని నేర్చుకున్నాను. మా అంగడికీ వాళ్ళ మండీకీ నడిచిపోయేంత దూరమే. ధర చెప్పకపోవడం అంగడిలో ఎత్తుగడ, మండీలో అణకువ.

ఇది అర్థమైన వెంటనే నేను చేయబోయిన పని ఏమిటంటే, ఇంకో పోలిక చెప్పడం. "ఇప్పుడు నువ్వు రైతువు కాదమ్మా, పాడే యాపారివి" అని మొదలుపెట్టాను. ఇస్మాయిల్ కింది నుంచి తువాలుతో నా కాలిమీద కొట్టాడు.

"సార్, మండీ సంగతి మల్లా. టైమ్ అయిపోతాండాది."

అప్పుడు మామూలు మాటల్లో చెప్పాను. ఆమె కుడి చెయ్యి విసిరితే పక్కకు జరుగు, ఆ చెయ్యి కిందే కొట్టు, కొట్టినాక ఆగాకు, ఇంకోటి కొట్టు.

నాగవేణి నా మొహంలోకి చూసింది. "ఇంతేనా? ఇది ముందే చెప్పుంటే అయిపొయ్యేది కదా సార్." విజిల్ పడింది. పంటి గార్డు పెట్టి బయటికి దిగాను.

మూడో రౌండులో చెప్పింది చెప్పినట్టు చేసింది. మంజుల కుడి చెయ్యి వచ్చిన ప్రతిసారీ పక్కకు జరిగి, పక్కటెముకలమీద ఒకటి, దవడమీద ఇంకొకటి కొట్టింది. సగం రౌండు గడిచేసరికి మంజుల ఆ చెయ్యి విసరడానికే వెనకాడింది. అక్కడినుంచి నాగవేణే ముందుకు నడిచింది. మండపంలో మూడు భాషలూ తగ్గిపోయాయి. చివరి గంటకు ఆ రౌండు ఎవరిదని అడగాల్సిన అవసరం ఎవరికీ లేదు.

రెఫరీ ఇద్దరి చేతులూ పట్టుకుని నిలబడ్డాడు. స్ప్లిట్ డెసిషన్ అన్నారు, అంటే జడ్జీలు రెండుగా చీలారని. మంజుల చెయ్యి పైకి లేచింది.

లెక్క తరువాత తెలిసింది. రౌండు గెలిచినవాళ్ళకు పది, ఓడినవాళ్ళకు మామూలుగా తొమ్మిది. బాగా దెబ్బతిని ఓడితే ఎనిమిది. అయిదుగురు జడ్జీలలో ఇద్దరు రెండో రౌండుకు మాకు తొమ్మిది ఇచ్చారు. వాళ్ళ లెక్కలో మేమే గెలిచాం. ముగ్గురు ఎనిమిది ఇచ్చారు. వాళ్ళ దగ్గర మొత్తం సమానమైంది. సమానమైతే జడ్జి ఎవరో ఒకరి పేరు చెప్పి తీరాలి. ఆ ముగ్గురూ మంజుల పేరు చెప్పారు. ఫిర్యాదు చేయడానికి అందులో ఏమీ లేదు. అయినా అలవాటు కొద్దీ, జడ్జీల పైన ఉండే జ్యూరీ దగ్గరికి వెళ్ళి మాట్లాడాను. వాళ్ళు టీ ఇచ్చి పంపించారు.

తిరుగు వ్యానులో రెడ్డెప్ప నా పక్క సీటులో కూర్చున్నాడు. పలమనేరు దాటాక నన్నే ఓదార్చాడు.

"పోనీ లే సార్. ఈసారి పాట తక్కువకు పోయినాది. మీరు చేసేది చేసినారు."

వెనక సీటులోంచి నాగవేణి అంది. "మూడు రౌండ్లలో రెండు నావి నాయనా, ఒకటి సార్‌ది. సార్‌దే పోయినాది."

"గమ్మునుండు మే" అన్నాడు రెడ్డెప్ప.

"రెండో రౌండులో ఉండాను కదా గమ్మున."

ఇస్మాయిల్ కిటికీలోంచి బయటికి చూడడం మొదలుపెట్టాడు. అతని భుజాలు ఊగడం నాకు కనిపించింది.

శిబిరానికి మంజుల వెళ్ళింది. నాగవేణి ఆ ఏడు కాయలు కోసింది. కోతలు లేని రోజుల్లో మాత్రం పుంగనూరు వచ్చి సాధన చేసింది. పెద్దల విభాగంలో కొన్ని పోటీలు ఆడింది, ఓడినవే ఎక్కువ, ఒక కంచు పతకం వచ్చింది. ఇప్పుడు ఒక ప్రైవేటు బడిలో వ్యాయామ టీచరు.

ఆ పోటీ తరువాత మిగిలిన సర్వీసులో కార్నర్‌లో నా పద్ధతి మార్చుకున్నాను. మాటకు దొరికే వ్యవధిని రెండు భాగాలు చేశాను. మొదటి సగంలో నేను చెప్పేవాడిని, పోలికలు లేకుండా, ఏ చెయ్యి, ఎక్కడ, ఎప్పుడు అని. రెండో సగంలో, ఇప్పుడు పోయి ఏం చేస్తావో చెప్పమని బాక్సరును అడిగేవాడిని. నేను చెప్పింది, వాళ్ళు తిరిగి చెప్పింది చాలాసార్లు ఒకటి కాదు. తేడా ఉంటే విజిల్ పడేలోగా దిద్దుకునే వీలుండేది. ఈ పద్ధతివల్ల సగం సమయం వృథా అవుతుందని కొందరు కోచ్‌లు అనేవాళ్ళు. వాళ్ళ మాటలో నిజం లేకపోలేదు.

పోటీలో కార్నర్ సలహాకు ఎంత విలువ ఉంటుందని కొత్తగా వచ్చిన కోచ్‌లు ఇప్పటికీ అడుగుతుంటారు. ఒక రౌండు విలువ ఉంటుందని చెబుతాను, అది మనకు వస్తుందా, పోతుందా అనేది వేరే సంగతి. అర్థమైన సలహాకూ, అర్థం కాని సలహాకూ బాక్సరు ఒకే రకంగా తల ఊపుతుంది.