బోనెక్కిన పంతులుగారు

పెట్టెలోంచి పాత నల్లకోటు తీస్తే కలరా ఉండల వాసన గుప్పుమంది. ప్లీడరెందుకయ్యారని అడిగినవాళ్ళకి న్యాయం, ధర్మం అని ఏవో చెబుతూ వచ్చాను. అవేం కావు. పగ.

పంతొమ్మిదివందల ఇరవైల్లో, నేను హైస్కూల్లో చదివే రోజులవి. తెలుగు పంతులుగారు ఏదో అడిగితే సరిగా వినబడక "ఏటండీ?" అన్నాను.

"ఏమిటండీ అనాలిరా, మొద్దూ! ఈ నోటితో చెరుకుతోటలో గొప్పు తవ్వుకోవలసిందే. నీకు ఉద్యోగం కూడానా!" అని బెంచీ ఎక్కించారు. క్లాసంతా నవ్వింది. గంట కొట్టేదాకా నా చెవులు మండుతూనే ఉన్నాయి.

ఆ వారమే నాన్న గట్టు తగాదా మీద నర్సీపట్నం కోర్టుకి వెళ్తూ నన్నూ తీసుకెళ్ళాడు. అక్కడ బోనులో ఒక పెద్దమనిషి నిలబడి ఉంటే, నల్లకోటాయన గద్దించి అడుగుతున్నాడు.

"ఆయన్నెందుకు నిలబెట్టేరు నాన్నా?"

"ప్లీడరుగారు అడిగితే నిలబడే సెప్పాలిరా."

అంటే ఎంత పెద్దవాళ్ళనైనా ప్లీడరు బెంచీ ఎక్కించవచ్చన్నమాట! నేనేమవ్వాలో ఆ పూటే తేలిపోయింది.

ఏళ్ళు తిరిగాక పంతులుగారు ఒక దావాలో సాక్షిగా వచ్చి, నా ఎదుటే బోనెక్కారు. ముసలాయన అయిపోయారు. నేను మొదటి ప్రశ్న కావాలనే గొణిగాను.

ఆయన కంగారుగా చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏటి బాబూ?" అన్నారు.

"ఏమిటి అనాలండీ, పంతులుగారూ!"

కోర్టంతా నవ్వింది. నేనెవరో గుర్తే లేక, ఆయనా హాయిగా నవ్వేశారు.

బెంచీ ఎక్కించినందుకు ఎప్పుడో క్షమించాను. ఆ నవ్వుని మాత్రం ఇప్పటికీ క్షమించలేదు.