వదిలేసి పోయినదాన్ని

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి ఇంకా చెప్పులు విప్పుతూ ఉండగానే బెంగళూరు నుంచి మా అమ్మాయి ఫోను చేసింది. దాని ఆఫీసును హైదరాబాదుకు మారుస్తున్నారట, వెళితే పెద్ద ఉద్యోగమే ఇస్తారట, కానీ పద్నాలుగేళ్ళ కొడుకు స్నేహితులను వదిలి రానంటే రానని గది తలుపు వేసుకొని కూర్చున్నాడట. అంతవరకూ నేను ఊ కొడుతూ విన్నాను. మన వయసువాళ్ళకు ఊ కొట్టడం కంటే పెద్ద పని ఏం మిగిలింది కనుక? ఆఖరున అది ఒక మాట అంది. "ఏం చేసేదమ్మా, ఉద్యోగం వద్దని చెప్పేస్తా. నీ మాదిరి పిల్లోణ్ణి వదిలేసి పోయేదానికి నాకు మనసు రాదు" అంది. దెప్పిపొడుపుగా కూడా కాదు, వాన పడుతోందని చెప్పినంత మామూలుగా అంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఫోను పెట్టేసి, పొయ్యి మీద ఎసరు పెట్టే సంగతి కూడా మరిచిపోయి కూర్చున్నాను. ఇన్నేళ్ళుగా దాని మనసులో నేను వదిలేసి పోయినదాన్నన్న మాట! దానికి చెప్పే ఓపిక నాకు లేదు, వినే తీరిక దానికీ లేదు. మీకు చెబుతాను. గనుల సైరను కూత విని నిద్ర లేచినవాళ్ళు మీరు, మీకైతే సగం చెబితే చాలు.

అప్పట్లో నేను బంగారు గనుల ఆసుపత్రిలో నర్సును. మా ఆయన భూమి లోపల టింబరింగ్ పని, అంటే తవ్విన చోట పైరాయి కూలకుండా దుంగలు నిలబెట్టే పని చేసేవాడు. మారికుప్పం వైపు కంపెనీ కట్టించిన ఇళ్ళ లైన్లలో మా ఇల్లు, మేమిద్దరం, మా అత్త, ఒక్కగానొక్క కూతురు. గనులు మూతపడ్డాక అక్కడి మగవాళ్ళకు ఒక జబ్బు పట్టుకుంది, దానికి ఏ ఆసుపత్రిలోనూ మందు లేదు. పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కొని, గనిలోకి దిగే షాఫ్టు గేటు దగ్గరి టీ అంగడికి వెళ్ళి, మళ్ళీ తెరుస్తారు, మళ్ళీ తెరుస్తారు అని ఒకరికొకరు చెప్పుకోవడం. ఎవరు తెరుస్తారు, ఎప్పుడు తెరుస్తారు అని అడిగితే చాలు, కళ్ళెర్రజేయడం. రోషమున్నవాళ్ళు తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరుకు పోయి దొరికిన పని చేసుకొని చీకటి పడ్డాక తిరిగొచ్చేవారు, ఇంకొందరు ఎక్కడో ఉత్తరాన కొండల్లో సొరంగాలు తవ్వే పనులకు పోయి ఏడాదికోసారి క్రిస్మసుకు కనిపించేవారు. మా ఆయన మాత్రం టీ అంగడి బెంచీ మీదే ఉద్యోగం వెలగబెట్టాడు. పైగా ఇల్లు ఖాళీ చేస్తే హక్కు పోతుంది, ఉన్నవాళ్ళ పేరుకే రాసిస్తారు అని ఒక మాట పుట్టింది. ఆ మాట పట్టుకొని లైను లైనంతా కదలకుండా కూర్చుంది. కొన్నాళ్ళకు మా వార్డు కూడా మూసేస్తే నేనూ ఇంటికి చేరాను. ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఎవరో ఒకరు లేవాలి కదా.

నేనే లేచాను. మాస్తి దగ్గర ఒక చిన్న ఆసుపత్రిలో కాన్పులు చూసే నర్సు కావాలని తెలిసి, వెళ్ళి అడిగితే చేర్చుకున్నారు. రెండు గదుల క్వార్టర్సు, వెనక పెరడు, కొళాయిలో నీళ్ళు. కాన్పులు వేళాపాళా చూసుకొని రావు కాబట్టి అక్కడే ఉండాలన్నారు. అదేమీ పరాయి దేశం కాదు, బంగారుపేటలో ఒక బస్సు, మాలూరులో ఒక బస్సు మారితే మధ్యాహ్నానికి చేరిపోయే ఊరు, మన జిల్లానే. అందరం కలిసి పోతామన్న సంబరంలో, అమ్మాయి చదువు కోసం మాలూరు బడిలో మాట్లాడి, క్వార్టర్సులో కిటికీ పక్కన దాని మంచం ఎక్కడ వెయ్యాలో కూడా చూసుకొని మరీ ఇంటికి వచ్చాను.

అప్పుడు దానికి పదిహేనేళ్ళు. నేను చెప్పింది విని, అడవిలో వదిలి రావడానికి తీసుకెళుతున్నట్టు నన్ను చూసింది. మన గనులవాళ్ళ గీర మీకు తెలియనిదా! చుట్టూ జిల్లా అంతా రాగులు పండించుకొని, పట్టుగూళ్ళు పెంచుకొని, పాలు పితుక్కొని నిక్షేపంగా బతుకుతూ ఉంటే, మనం మాత్రం క్లబ్బులూ బ్యాండు మేళాలూ ప్లం కేకులూ అంటూ దొరల కాలం నాటి గొప్పలు చెప్పుకుంటూ, పల్లెటూరి పేరెత్తితే మూతి తిప్పుకుంటూ ఉంటాం. ఆ గాలిలో పుట్టి పెరిగిన పిల్ల అది. "నేను రాను పోమ్మా. ఆవుల మధ్యన రాగిముద్ద తినుకుంటా నేనుండలేను. నా ఫ్రెండ్సంతా ఈడే ఉండారు, చర్చిలో పాడే క్వయర్ ఈడే ఉండాది, ఇంగ ఆడికి నేనేంటికి వచ్చేది?" అంది. బతిమాలాను, భయపెట్టాను, చెవినిల్లు కట్టుకొని పోరాను. నేను దాని బట్టలు మడిచి పెట్టెలో పెట్టడం, నేను అటు తిరగగానే అది వాటిని తీసి మళ్ళీ దండెం మీద వేసుకోవడం, ఇదే పనిగా సాగింది మా ఇంట్లో ఆ నాలుగు రోజులూ.

తండ్రి ఒక్క మాట గట్టిగా చెబితే తేలిపోయే వ్యవహారం. ఆయన చెప్పాడా? "పిల్ల రానంటా ఉండాది కదా, నన్నేం చేయమంటావు?" అని ఆ నెపం దానిమీద పెట్టి, సాయంత్రం కాగానే రాబర్ట్‌సన్‌పేట బజారు నుంచి దానికి మసాలా పూరీ కట్టించుకొని వచ్చేవాడు. అంతకు ముందు పిల్ల ఏ క్లాసులో ఉందో కూడా తెలియని మనిషికి ఉన్నట్టుండి పుట్టుకొచ్చిన ముద్దు అది. పిల్ల రాదు కాబట్టి తండ్రి రాడు, కొడుకు రాడు కాబట్టి మా అత్త రాదు. ఎంత సులువుగా తేల్చేశారో చూడండి.

గనుల ఇళ్ళలో ఒక పద్ధతి ఉండేది, మీరు మరిచిపోయి ఉండరు. షిఫ్టుకు బయలుదేరే మనిషి మనసులో తగువు పెట్టుకొని కిందికి దిగకూడదు. అందుకని ఇంట్లో ఎవరు ఆ మనిషితో పోట్లాడారో వాళ్ళే అన్నం క్యారియరు తెచ్చి చేతికివ్వాలి. మాట్లాడక్కర్లేదు, నవ్వక్కర్లేదు, మొహం మాడ్చుకొనైనా సరే ఇవ్వాలి. ఇస్తే తగువు గడపలోనే ఆగిపోయినట్టు. కొడుకుతో మాటామాటా వచ్చిన రోజుల్లో మా అత్త మూలుగుతూనే లేచి వచ్చి ఇచ్చేది. మా అమ్మాయి గౌన్లు వేసుకునే వయసులో నాన్న మీద అలిగి, ముక్కు ఎగబీలుస్తూనే క్యారియరును రెండు చేతులతో మోసుకొచ్చేది. నా సంగతి చెప్పనే అక్కర్లేదు, ఎన్ని తెల్లవారుజాములు పళ్ళు నూరుకుంటూ ఆ క్యారియరు అందించానో ఆ దేవుడికే తెలుసు.

నేను బయలుదేరిన రోజు పొద్దున చిత్రాన్నం కలిపి, ఊరగాయ వేసి, క్యారియరు బిగించి వంటింటి గట్టు మీద పెట్టాను. పెట్టె గడప దాటించి, చెప్పులు తొడుక్కొని వాకిట్లో నిలబడ్డాను. క్యారియరును కావాలనే లోపల వదిలి నిలబడ్డాను. అమ్మాయి ముసుగు తన్ని పడుకుంది, నిద్రపోవడం లేదని దుప్పటి బయట కదులుతున్న కాలివేళ్ళే చెబుతున్నాయి. మా ఆయన మంచం మీద పేపరు చూస్తున్నాడు. అత్త బైబిలు ముందు వేసుకొని కూర్చుంది. పోయొస్తాను అన్నాను. ఊ అన్నాడాయన, తలెత్తకుండా. ఇంకా కాసేపు నిలబడ్డాను, పక్కింటామె కొళాయి దగ్గర బిందె పట్టుకుంటూ నన్నే చూస్తోంది. గనిలోకి దిగే మగవాడికే తప్ప ఉద్యోగానికి పోయే ఆడదానికి ఆ పద్ధతి ఉంటుందని మా ఇంట్లోవాళ్ళకు తట్టలేదో, తట్టినా లేవలేదో నాకు ఈనాటికీ తెలియదు. క్యారియరు అక్కడే వదిలేసి పెట్టె ఎత్తుకొని నడిచాను. మాలూరు బస్టాండులో ఆకలికి కడుపు కాలిపోతూ ఉంటే నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది, మాస్తి చేరేదాకా ఆ కోపమే నాకు తోడు.

శనివారం ఇంటికి వచ్చేసరికి క్యారియరు తోమి బోర్లించి ఉంది. మా అత్త ఎంతో అభిమానంగా, "అన్నం మరిచిపోయి పోతివి కదమ్మా, చెడిపోతాదని మధ్యాన్నం మేమే తినేస్తిమి. నిమ్మకాయ రవ్వంత ఎక్కువ పిండినావు" అంది. తిన్నది చాలక పులుపు ఎక్కువైందని వంక కూడా! మీ ముగ్గురిలో ఒక్కరికైనా దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టాలనిపించలేదా అని అడిగేశాను. ఆమె దాపరికం లేని మనిషి, ఉన్నది చెప్పేసింది. "వాడు రాడమ్మా. ఆడదాని క్వార్టర్సులో నా కొడుకు యాడుంటాడు? ఊరోళ్ళు నర్సమ్మ మొగుడంటే తల యాడ పెట్టుకుంటాడు? పిల్ల రానని చెప్పి మంచి పని చేసినాది."

అప్పుడు వెలిగింది నాకు. రానన్నది పిల్ల, రాకూడదనుకున్నది తండ్రి. ఎప్పుడు విరిగి పడుతుందో తెలియని రాతి కింద అన్నేళ్ళు దుంగలు నిలబెట్టిన మనిషి, నర్సమ్మ మొగుడన్న పిలుపుకు భయపడి పదిహేనేళ్ళ పిల్ల వెనక దాక్కున్నాడు. ఆ సాయంత్రమే నిలదీశాను. జవాబుగా చొక్కా వేసుకొని టీ అంగడికి వెళ్ళిపోయాడు.

లోకం సంగతి చెప్పనా ఇక? ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి మెట్ల మీద ఆడవాళ్ళంతా నా చుట్టూ మూగి, పిల్లను వదిలేసి ఎట్లుండావమ్మా, నిద్రెట్ల పడతాదమ్మా అని చెయ్యి పట్టుకొని జాలిపడేవారు. కొండల్లో సొరంగాల పనికి పోయి ఏడాదికోసారి వచ్చిన మగవాడికి ఆ మెట్ల మీదే దండం పెట్టి, ఇంటి కోసం ఎంత కష్టపడుతున్నాడో పాపం అనేవారు. వారం వారం రెండు బస్సులు మారి, రెండు చేతులా కూరగాయలు మోసుకొని వచ్చే నేను మాత్రం వదిలేసి పోయినదాన్ని! ఆ మాట మా అమ్మాయి నోటికి ఊరికే వచ్చిందా, ఆ మెట్ల మీద నేర్చుకున్నదే.

మాస్తిలో నేను ఏడుస్తూ ఏమీ కూర్చోలేదు. కాన్పు సుఖంగా అయిన ఇళ్ళ నుంచి రాగిపిండి వచ్చేది, చలికాలం వస్తే ఒలిచిన అనపగింజలు వచ్చేవి, వీధిలో ఏ బిడ్డను చూసినా నా చేతుల మీదుగా భూమ్మీద పడినదే అన్న గర్వం ఉండేది. నాకు అక్కడ బాగుంది, ఆ మాట చెప్పడానికి నాకేమీ సిగ్గు లేదు. కిటికీ పక్కన మంచం మాత్రం వేసే ఉంచాను, దాని మీద ఉతికిన దుప్పటి మారుస్తూనే ఉన్నాను. ఒక్కసారి మామిడిపళ్ళ కాలంలో అమ్మాయి వచ్చింది. పక్కింటి దూడకు బిస్కెట్టు పెట్టింది, అది చెయ్యి నాకితే పకపకా నవ్వింది. రాత్రికి ఉంటుందేమోనని నేను కోడి తెప్పించాను. మర్నాడు క్వయర్ ప్రాక్టీసు ఉందని సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయింది.

గనులు తెరవలేదు. ఇంటి కాగితం చేతికి రాకముందే మా ఆయన పోయాడు. సమాధి మీద పూలు పెట్టి కోపాన్ని అక్కడే వదిలేద్దామని చాలాసార్లు అనుకున్నాను, అది నాతోనే తిరిగి ఇంటికి వస్తోంది. ఇప్పుడు, నేను రిటైరై తిరిగొచ్చిన మా లైనులో, తెల్లవారుజాము రైలుకు పరుగెత్తేవాళ్ళలో సగం ఆడవాళ్ళే. మొగుళ్ళు బండి మీద తెచ్చి స్టేషనులో దింపుతారు, కొందరైతే వెనక్కి పోయి పిల్లలకు జడలు వేసి బడికి పంపుతారట. వాళ్ళను ఎవరూ ఏమీ అనరు. చూసి సంతోషపడతాను, కాసేపే, ఆ తర్వాత నా కాలంలో ఈ మాత్రం బుద్ధి ఒక్కడికి పుట్టి ఉంటే ఏం పోయేదని కడుపు మండుతుంది. రోజూ కళ్ళ ముందుండే పిల్ల పెరుగుతున్న సంగతి తల్లికి తెలియదు, అది మామూలు తల్లుల అదృష్టం. మాస్తి నుంచి వచ్చిపోయే ఆ రోజుల్లో నాకు తెలిసేది. శనివారం తలుపు తీసినప్పుడల్లా కిందటి వారం కంటే ఒక పిసరు పొడుగ్గా కనిపించేది. ఒక వారం రెండు జడలు పోయి ఒక్క జడ అయింది. ఇంకొక వారం నేను వచ్చేసరికి, ఎవరి పెళ్ళికో పోవడానికి నా నీలం చీర కట్టుకొని నడవలో నిలబడి ఉంది. అది చీర కట్టుకోవడం అదే మొదలు. పక్కింటామె కట్టించిందట. కుచ్చిళ్ళు కొంచెం పక్కకు జరిగాయి, సంచులు కింద పెట్టి సరిచేయబోయాను.

"వద్దులేమ్మా, ఆంటీ బాగానే కట్టినాది" అని వెనక్కి జరిగింది.