మూడో పిలుపు

నేను చేసిన తెలివితక్కువ పనులన్నీ చెప్పుకుంటూ పోతే తెల్లారిపోతుంది. అందుకని ఒక్కటే చెబుతాను. ఇందులో ఎవరికీ దెబ్బలు తగల్లేదు, ఏదీ పేలలేదు. నా పరువు మాత్రం తాడేపల్లిగూడెంలో ఒక రైసుమిల్లు వారి హాల్లో, పెద్ద టీవీ మీద, ఫుల్ సౌండుతో పోయింది.

అప్పటికి నేను ఏలూరు వచ్చి నాలుగు నెలలు. మాది అమలాపురం అవతల. మనిషి దూరలేని చోట్లకు కెమెరా పంపి చూసే చిన్న కంపెనీలో ఉద్యోగం. ఆ కెమెరా పట్టుకోవడానికి డ్రిల్లింగ్ మెషీన్‌లా ఉంటుంది. వెనక చిన్న స్క్రీను, ముందు పొడుగాటి కేబులు, దాని కొసన శనగగింజంత కెమెరా, లైటు. గొట్టంలోకి తోస్తే లోపలిదంతా కనిపిస్తుంది, రికార్డూ అవుతుంది. ఏ గొట్టం ఎలా ఉందో నోటితో చెప్పడానికి మైకు బటన్ కూడా ఉంది. ఈ బటన్ని గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

ఉండేది వట్లూరులో, మేడ మీద గదిలో. చుట్టూ కాలేజీ పిల్లలు, గుంపులు గుంపులుగా. నాకు మాత్రం సాయంత్రం తాళం తీస్తే ‘వచ్చావా’ అనే మనిషి లేడు. ఆఫీసులో మాటలన్నీ పని గురించే. చివరికి ఎక్కడిదాకా వచ్చిందంటే, ఒక్కణ్ణే పనిచేసేటప్పుడు కెమెరాతో మాట్లాడటం అలవాటైంది. అదీ పెళ్ళాన్ని పిలిచినట్టు ‘ఏమే’ అని. నవ్వండి, పర్లేదు. వారం రోజులు ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ వినకుండా ఉండి చూడండి, తర్వాత మాట్లాడుకుందాం.

మిల్లుకి పంపేముందు మా మేనేజరు చెప్పారు. “బాయిలర్లో ఏ గొట్టం కారుతోందో పట్టుకుంటే నీ ఉద్యోగం పర్మనెంటయ్యా. లేకపోతే అమలాపురం బస్సు ఎక్కడాగుద్దో నీకు తెలుసుగా.”

మిల్లు యజమాని సత్యనారాయణగారి ఇల్లు ఆ ఆవరణలోనే. మధ్యాహ్నం ఆయన భార్య సుగుణమ్మగారు బాయిలరు షెడ్డు దాకా వచ్చారు.

“భోజనం చేసి చూసుకుందురుగాని, రండి బాబూ.”

“అబ్బే, తినే వచ్చానండీ.”

“కాస్తంత తినండీ. గుత్తివంకాయ కూర చేశాను.”

“వద్దండీ. నిజంగా పొట్టలో ఖాళీ లేదండీ.”

పొట్టలో ఉన్నవి పొద్దుటి రెండు ఇడ్లీలు. మా వైపు పద్ధతి మీకు తెలుసు కదా. పిలవగానే లేస్తే తిండికి మొహంవాచినవాడనుకుంటారు. రెండుసార్లు వద్దనాలి. మూడోసారి పిలిచాక ‘మీరింతగా అంటున్నారు కాబట్టి’ అంటూ లేవాలి. ఆవిడ మూడోసారి పిలవలేదు. “సరేనండీ” అని వెళ్ళిపోయారు. వంకాయ వాసన మాత్రం అక్కడే ఉండిపోయింది.

మైకు నొక్కి పని మొదలుపెట్టాను. వేలు తీస్తే మైకు ఆగిపోతుందనుకున్నాను. మళ్ళీ నొక్కితే గానీ ఆగదట. శిక్షణలో చెప్పే ఉంటారు, అప్పుడు నేను కిటికీలోంచి బస్సులు చూస్తున్నాను.

ముప్పై ఏడో గొట్టంలో సన్నటి పగులు దొరికింది. సంబరంగా రికార్డింగంతా పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వాళ్ళింటికి పట్టుకెళ్ళాను.

“టీవీలో పెట్టండీ, అందరం చూద్దాం” అన్నారు సత్యనారాయణగారు. సుగుణమ్మగారు, మిల్లు మేస్త్రి కూడా వచ్చి కూర్చున్నారు.

“ఒకటో గొట్టం, బాగుంది” అంది టీవీ నా గొంతుతో. అందరూ తలాడించారు.

“ఏమే, మెల్లగా వెళ్ళు. తల తగులుద్ది.”

సుగుణమ్మగారు ఉలిక్కిపడ్డారు. “ఏవండీ, బాయిలర్లో ఎవరో ఆడమనిషి ఉన్నారండీ!”

“లేరండీ! అది కెమెరా అండీ!”

రిమోట్ కోసం వెతికాను. అది మేస్త్రి చేతిలో ఉంది. ఆయన సౌండు పెంచారు.

“పెద్దాయన కాఫీ ఇచ్చారు గానీ పంచదార మరిచిపోయారే. అద్భుతంగా ఉందని చెప్పి రెండోది కూడా తాగాను.”

సత్యనారాయణగారు భార్య వైపు చూశారు. ఆవిడ నా వైపు చూశారు. నేను నేల వైపు చూశాను.

“మొన్న ఆదివారం ఏం తోచక బస్సెక్కి కైకలూరు వెళ్ళానే. చేపల పెట్టెల్లో ఐసు వేస్తుంటే గంటసేపు నిలబడి చూశాను. ఒకాయన ‘ఎవరి తాలూకండీ’ అనడిగాడు. ఈ నాలుగు నెలల్లో పని కాకుండా నా గురించి అడిగింది ఆయనొక్కడే. ఎంత బాగుందో.”

హాల్లో ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

“కడుపు మాడిపోతోందే. ఆ అమ్మగారు ఇంకొక్కసారి పిలిచి ఉంటే వెళ్ళేవాణ్ణి కదా.”

ముప్పై ఏడో గొట్టం వచ్చి పోయింది. పగులు వంక సత్యనారాయణగారు తప్ప ఎవరూ చూడలేదు. నాకైతే అమలాపురం బస్సు ఆ హాల్లోకే వచ్చి ఆగినట్టుంది.

ఆయన టీవీ ఆపి మా మేనేజరుకి ఫోన్ చేసి స్పీకరు పెట్టారు. “పగులు పట్టుకున్నాడండీ మీవాడు. పనిమంతుడు. కాకపోతే కాస్త మాటకారండీ.”

“వాడా? ఆఫీసులో నోరే విప్పడండీ!” అన్నారు మేనేజరు. “పోనీలెండి, పర్మనెంటు చేసేస్తాం.”

సుగుణమ్మగారు కొంగుతో కళ్ళు ఒత్తుకుని లేచారు.

“మూడోసారి పిలుస్తున్నాను. రండి బాబూ.”

“అబ్బే, తినే...” అని, నాలిక కరుచుకుని లేచాను.

అరిటాకు ముందు కూర్చుని, మొదటి ముద్ద చేతిలో పట్టుకుని ఘోర ప్రతిజ్ఞ చేశాను. కంఠంలో ప్రాణముండగా మైకు ఆపకుండా కెమెరాతో కాపురం చెయ్యను. భోజనానికి ఎవరు పిలిచినా మొదటి పిలుపుకే లేస్తాను. ఆకలి విషయంలో అబద్ధమాడను.

ఆవిడ రెండోసారి వంకాయ వడ్డించబోయారు. నేను వెంటనే చెయ్యి అడ్డం పెట్టి, “చాలండీ” అన్నాను.

ఆవిడ నా చెయ్యి పక్కకి నెట్టి, మూడు కాయలు వేశారు.