వేలంత సందు

హుజూర్‌నగర్ చుట్టుపక్కల ఒకప్పుడు ఎడ్లబండి కిర్రుమందంటే చాలు, అది రామలింగాచారి చేతిది కాదని చెప్పేవారు. ఆయన చేసిన బండి కిర్రుమనదు మరి. నూట పన్నెండు బండ్లు చేశాడు. ఒక్కదానికీ మళ్లీ ఉలి పెట్టే పని పడలేదు. ట్రాక్టర్లు వచ్చి బండ్లు పోయాక దర్వాజాలు, మంచాలు చేసుకుంటూ అరవై ఎనిమిదికి వచ్చాడు.

అలాంటి మనిషి దగ్గరికి నిరుడు ఆషాఢంలో అనసూయ తన పాత డీసీఎం వ్యానును తోలుకొచ్చింది. కోదాడ దగ్గర మిరప నారు పెంచి, ట్రేలలో పెట్టి, ఊరూరికీ తానే చేరవేస్తుందామె. బండి వెనక ఇనుప డబ్బా రెండుసార్లు మూలల్లో పగిలింది. ట్రేలు ఒకదానిమీద ఒకటి కూలి తొమ్మిది వేల మొక్కలు నుజ్జయ్యాయి.

"కాకా, తిరుమలగిరి రైతులు ఇగ ఒక్కపారి సూస్తమన్నరు. ఈసారి గూడ నారు పాడైతే నా దగ్గర కొననే కొనరట. కర్రతోటి డబ్బా చేస్తవా?"

"బండి చేసినోన్ని, డబ్బా చెయ్యనా బిడ్డా?"

పక్క షెడ్డులో వెల్డింగ్ చేసే అబ్రహాం పకపకా నవ్వాడు. "ఓ చారీ, ఎడ్లను యాడ కడ్తవు? ముందటనా, ఎనకనా?"

"నిన్నొక పక్క కడ్త. రెండోదాన్ని నువ్వే ఎతుక్కో."

మిర్యాలగూడలో కూలగొట్టిన పాత రైస్‌మిల్లు దూలాలను తానే ఏరి తెచ్చాడు. ఒక్క మేకు కొట్టలేదు. కర్ర కొసను చెక్కి, ఇంకో కర్ర బెజ్జంలో దూర్చి, అడ్డంగా చీల దిగ్గొట్టాడు. లోపల ట్రేలకు అరలు, పక్కల గాలికి కిటికీలు. పదకొండు రోజుల్లో డబ్బా లేచింది.

ఇక దాన్ని వ్యాను చట్రానికి బిగించడమే మిగిలింది. బండి తొట్టిని ఊపిరాడకుండా బిగించకూడదని ఆయనకు తండ్రి నేర్పాడు. ఒక చక్రం గుంతలో పడితే కింది చట్రం మెలిపడుతుంది. దానితోపాటు పైది కాస్త కదలకపోతే పగులుతుంది. ఇనుప డబ్బా పగిలిందీ అందుకేనని చూడగానే తెలిసింది. కానీ అబ్రహాం ఊరుకోడు కదా!

"జర గట్టిగ బిగియ్ చారీ. ఊగులాడితే జనం నవ్వరా?"

నలుగురూ నిలబడి చూస్తున్నారు. రామలింగాచారికి రోషం వచ్చింది. నాలుగు మూలలా బోల్టులు బిర్రుగా బిగించాడు.

ఖాళీ డబ్బాతో కోదాడ దాకా పోయొచ్చేసరికి వెనక మూల కర్ర నిలువునా చీలింది. ఆయన ఆ చీలిక పొడవునా వేలితో తడిమి, అనసూయ వైపు తిరిగాడు.

"నా సేతిని నమ్మక నలుగురి కండ్లను నమ్మిన బిడ్డా. తప్పు నాదే. రెండు దినాలియ్యి."

"రెండే ఉన్నయ్ కాకా. ఆ తెల్లారి నారు ఎత్తాలె."

మూల కర్ర మార్చాడు. ముందువైపు పాత టైరు ముక్కలు పరిచి గట్టిగా బిగించాడు. వెనకవైపు మాత్రం స్ప్రింగుల మీద కూర్చోబెట్టి, చట్రానికీ డబ్బాకూ మధ్య తన చూపుడువేలంత సందు వదిలాడు. ఈసారి అబ్రహాం ఏదో అనబోతే అటు చూడనైనా లేదు.

మూడో పొద్దున నారు ఎక్కింది. సూర్యాపేట దాటాక వానకు రోడ్డంతా గుంతలు. ఆయన అనసూయ పక్క సీట్లో కూర్చుని, చెవి మొత్తం వెనక్కే పెట్టుకున్నాడు. ప్రతి గుంతకూ డబ్బా ఓ వైపు లేచి, మళ్లీ కుదురుకునేది. కిర్రుమనలేదు.

తిరుమలగిరిలో రైతులు చుట్టూ మూగారు. అనసూయ తలుపు తీసింది. అరలన్నిటిలో నారు ఎక్కించినప్పుడు ఎట్లా ఉందో అట్లాగే నిటారుగా ఉంది.

"వచ్చేపారి గూడ నీ దగ్గర్నేనమ్మా" అన్నాడొక రైతు ట్రే దించుకుంటూ.

ఆమె సంబరంగా చారి కోసం వెతికితే, ఆయన వెనక చక్రం దగ్గర వంగి, సందులో వేలు పెట్టి ఉన్నాడు.

"కాకా, నారు సూడవా?"

"నారు నువ్వు సూస్కో బిడ్డా. నేను నాది సూస్కుంటున్న."

అప్పటినుంచి ఏడు డబ్బాలు చేశాడు. అందులో మూడు అబ్రహాం పంపినవాళ్లకే. మొన్న తానే ఒక ఇనుప డబ్బా బిగించబోతూ ఆ అబ్రహామే వచ్చి, చెవి గోక్కుంటూ అడిగాడు.

"చారీ, ఎనక సందు ఎంత పెట్టాలె?"

"నా ఏలంత."

"నా ఏలు లావు గదా, మరెట్ల?"

"అందుకే నన్ను పిలువు" అంటూ రామలింగాచారి ఉలి అందుకున్నాడు.