నమక్ అంటే ఉత్తరమట

మా ఆయన దుబాయిలో ఒక హోటల్ వంటింట్లో పనిచేస్తాడు. పెళ్ళయి పన్నెండేళ్ళయింది. సెలవులన్నీ కలిపి లెక్కేసినా మేము కాపురం చేసింది రెండేళ్ళు దాటదు. సిరిసిల్లలో బట్టలు నేసే సాంచాల మోత మధ్య పుట్టి పెరిగినదాన్ని, కోరుట్లకు కోడలిగా వచ్చాక ఫోన్ మోత కోసం ఎదురుచూడటం నేర్చుకున్నాను.

ఫోన్లో మాత్రం ఏముంటాయి మాటలు? సిలిండర్ వచ్చిందా, బిడ్డకు జ్వరం తగ్గిందా, అంతే. అలాంటి మనిషి ఒక శుక్రవారం మహా ఉషారుగా మొదలుపెట్టాడు.

"ఎర్కేనా, మా దగ్గర ఒక ఆర్మేనియా ఆమె రొట్టెలు చేస్తది. వాళ్ళ భాషల ఉత్తరాన్ని నమక్ అంటరట!"

"నమక్ అంటే ఉప్పు గదా?"

"గది వేరే. గిది ఎన్కటి ఇరాన్ మాట. వీళ్ళు గప్పుడెప్పుడో తీస్కున్నరట. మా ఇరాన్ వంటాయన జెప్పిండు. ఇరాన్ల గదే అరిగి నామా అయిందట. మనం చిరునామా, వీలునామా, రాజీనామా అంటలేమా? గా నామా గిదేనట. రాసిన కాయితం అన్నట్టు. గామెకు ఇవన్నీ ఎర్కే."

గామెకు! నాకు ఒళ్ళు భగ్గుమంది. పన్నెండేళ్ళలో నాకు ఒక్క మాటకైనా అర్థం విప్పి చెప్పాడా ఈ మనిషి? ఇంటర్ మధ్యలో చదువు మాన్పించి పెళ్ళి చేశారని నేనెంత ఏడ్చానో ఆయనకు తెలుసు. అయినా ముచ్చట్లన్నీ ఆ రొట్టెలామెతోనే. ఆమె వారం వారం వాళ్ళ అమ్మకు కాగితం మీద ఉత్తరం రాస్తుందట, రాత ముత్యాల్లా ఉంటుందట. ఆమె రాత ఈయనెందుకు చూడాలి?

ఆ వారమే జగిత్యాలలో వరసకు మరిది ఒకాయన సెలవు ముగించుకొని దుబాయికి బయల్దేరుతున్నాడు. మా దిక్కు ఎవరు పోతున్నా చుట్టాలందరూ వాళ్ళ మీద పడతారు. సకినాలు, తొక్కు, షుగరు గోలీలు, ఇంటికి రెండు కిలోలు, మూట మీద పేరు. నేనూ సకినాలు పట్టుకుపోయాను. వాటి అడుగున నాలుగు పేజీల ఉత్తరం పెట్టాను. ఆయనకు నేను రాసిన మొదటి ఉత్తరం అదే. ఆ రొట్టెలదాని చేతులు విరగ అని రాశాను. దాని నమక్ మీద మన్నువడ అని రాశాను. నేను కావాలో అది కావాలో తేల్చుకొమ్మని రాశాను.

కోపంలో ఒకటి మరిచిపోయాను. అక్కడి వంటింట్లో ఇంటి మూటను ఎవరూ ఒంటరిగా విప్పరు. అందరి ముందూ విప్పి, అందరికీ పంచుతారు.

వారానికి ఫోన్ వచ్చింది. గొంతు నీరసంగా ఉంది.

"గామె సకినం తీస్కుంటుంటే కాయితం ఎల్లింది. నమక్, నమక్ అని ఒకటే సంబురం. సదువుమని బతిలాడింది."

"సదివినవా?" నాకు పై ప్రాణాలు పైనే పోయాయి.

"నాలుగు పేజీలు. తెలుగులనే సదివిన, గామెకు ఒక్క ముక్క సమజ్ గాకున్నా. వాళ్ళమ్మ సచ్చిపోయి మూడేండ్లాయెనట. అయినా రాసి దాసుకుంటదట. జవాబు యాడికెల్లి అస్తది? నువ్వు తిట్టిన కాడ బాగ ఏడ్సింది."

సిగ్గుతో చచ్చిపోయాను. అయినా నా పాడుబుద్ధి ఊరుకుంటుందా? ఆమె కన్నీళ్ళు ఈయన దగ్గరుండి చూశాడని మళ్ళీ కుళ్ళుకున్నాను.

"ఆమె ఏడ్సింది సరే. నువ్వేం జేసినవ్?"



"ఇంకోటి రాయవే," అన్నాడు. "తిట్టుకుంటనే రాయి."