తూలని నడక

అన్నయ్య పోయాడని తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. పాలకాయతిప్ప దగ్గర సముద్రంలోకి దిగాడట, ఒడ్డుకు శవమే వచ్చిందట. తమ్ముడి మాట ఎక్కడా తడబడలేదు. వాడూ అన్నయ్యతో కలిసి తాగి ఉన్నాడని ఊరికి వెళ్ళాకే తెలిసింది.

అన్నయ్య మీకు తెలిసిన మనిషి కాదు. నాగాయలంక దగ్గర రొయ్యల చెరువులు చూసుకునేవాడు, మా పెదనాన్న కొడుకు. ముప్పై ఇంకా నిండలేదు. ఏదైనా అనిపిస్తే ఆ క్షణమే చేసేసేవాడు. ఒకసారి పంటు మీద ఏరు దాటుతుంటే ఎవరి పాపదో టోపీ గాలికి ఎగిరిపోయింది. చొక్కాతోనే దూకాడు. టోపీ తెచ్చి పాప నెత్తిన పెట్టాక గుర్తొచ్చింది, జేబులో ఫోన్ ఉందని.

నా చదువు ఆగిపోకుండా నిలబడింది కూడా ఆ దూకుడు వల్లే. మా ఇంట్లో నాకు ముందు బడికి వెళ్ళినవాళ్ళు లేరు. పదో తరగతి అయ్యాక ఇక చాలన్నాడు నాన్న. అప్పుడే చెరువులోంచి వచ్చిన అన్నయ్య ఆ మాట విని, బురద కాళ్ళతోనే బండి తీశాడు.

"ఎక్కవే. చల్లపల్లి కాలేజీకి. బాబాయ్ ఆలోచించుకునేలోపు చేరిపోవాలి."

ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ రోజు ఆ బండి ఎక్కబట్టే.

మందు అన్నయ్యకు ఎక్కదనేవారు. మా వైపు అదో గౌరవం. చెరువుల్లో రొయ్యలు పట్టడం అయ్యాక మగవాళ్ళంతా కూర్చునేవారు. మిగతావాళ్ళు తూలుతుంటే అన్నయ్య నిటారుగా లేచి, ఒక్కొక్కరినీ బండి మీద ఇంటికి చేర్చేవాడు. "ఆడికైతే మంచినీళ్ళే" అని ఇళ్ళల్లో ఆడవాళ్ళు కూడా నిశ్చింతగా ఉండేవారు.

నర్సింగ్ చదివే రోజుల్లో ఒకసారి చెప్పాను. "తూలకపోతే తాగనట్టు కాదన్నయ్యా. ఎక్కడ ఆపాలో నీకు తెలీదు. అసలే నీకు తొందరెక్కువ."

"ఓ నర్సమ్మా, ఇప్పుడు తూలడం కూడా నేర్చుకోవాలా ఏంటి?" అని పగలబడి నవ్వాడు.

అన్నయ్య పోయిన మధ్యాహ్నం ఒడ్డున ఎవరో సరదాకి అడిగారట, నది సముద్రంలో కలిసేచోటు దాకా ఈదగలవా అని. మాట పూర్తయ్యేలోపే అన్నయ్య కదిలాడట.

"తిన్నగా నడుచుకుంటా ఎళ్ళాడు చెల్లెమ్మా. తూలితే పట్టుకునేవాళ్ళం కదా" అంటూ అతని స్నేహితుడు నా ముందు ఏడ్చాడు.

అన్నయ్య జ్ఞాపకార్థం ఇంటి దగ్గర ఆదరణ కూడిక జరిగింది. పాస్టరుగారు ప్రార్థన చేసి వెళ్ళిపోయారు. భోజనాల దగ్గర తమ్ముడు కనిపించకపోతే చెరువుల వైపు వెళ్ళాను. గట్టు చివర అన్నయ్య స్నేహితుల మధ్య కూర్చుని ఉన్నాడు. సీసా అప్పటికే ఖాళీ.

"అచ్చం అన్న పోలికే చెల్లెమ్మా. ఈడికీ ఎక్కదు" అన్నాడు, నా ముందు ఏడ్చినతనే, తమ్ముడి భుజం తడుతూ, ఎంతో ప్రేమగా. తమ్ముడు సిగ్గుపడుతూ నవ్వాడు. అన్నయ్య పోయాక వాడు నవ్వగా చూడడం అదే మొదలు.

"అమ్మ పిలుస్తోంది, రా" అన్నాను.

"వస్తన్నా అక్కా."

సన్నటి గట్టు. అటూ ఇటూ చెరువులు, నీళ్ళను చిలుకుతూ ఏరియేటర్లు. ఒక్క అడుగైనా తడబడుతుందేమోనని ఆశగా చూస్తూ నిలబడ్డాను. తమ్ముడు తిన్నగా, తీరిగ్గా నా వైపు నడిచి వస్తున్నాడు.